రంగును రంగు తీయదు: ఇంట్లో చెడిన తలరంగు, తక్కువ ఖర్చులో దిద్దుబాటు

అమెరికాలో ఏ మందుల దుకాణానికి వెళ్ళినా తలరంగుల కోసమే ఒక అర ఉంటుంది. ప్రతి పెట్టె మీదా నవ్వుతున్న ఒక ముఖం, దాని చుట్టూ నిగనిగలాడే జుట్టు. చాలామంది ఆ బొమ్మను చూసే పెట్టె కొంటారు. అదే పెట్టె పక్కనో వెనకనో చిన్న చిన్న గళ్ళలో మరొక పట్టిక ఉంటుంది: జుట్టు మొదట ఈ రంగులో ఉంటే చివరకు ఆ రంగు వస్తుందని చెప్పే పట్టిక. నల్లజుట్టుకు అందులో తరచు గడే ఉండదు. ఉన్నా, ముందున్న బొమ్మకూ ఆ గడికీ పోలిక ఉండదు. నిజం చెప్పేది మాత్రం ఆ గడే.

ఆ పట్టికను ఎవరూ చూడరు. శనివారం రాత్రి స్నానాలగదిలో చేతితొడుగులు వేసుకుని, నలభై నిమిషాలు ఆగి, తల కడుక్కుని అద్దంలో చూసుకుంటే జుట్టు సిరా పోసినట్టు నల్లగానో, తుప్పు పట్టినట్టు నారింజరంగులోనో, కుదుళ్ళ దగ్గర ఒక రంగు, కొసల దగ్గర ఒక రంగుగానో కనిపిస్తుంది. సోమవారం ఆఫీసు ఉంటుంది, లేదా వచ్చేవారం ఇండియా ప్రయాణం ఉంటుంది. సెలూన్‌లో దీనిని సరిదిద్దడానికి గంటల లెక్కన తీసుకుంటారు. మొత్తం వందల డాలర్లకు చేరుతుంది. అంత ఖర్చెందుకని అదే రాత్రి మరో పెట్టె కొని తెచ్చి దాని మీదే పూస్తారు. ఎక్కువ జుట్టు పాడయ్యేది మొదటి పెట్టె వల్ల కాదు, ఆ రెండో పెట్టె వల్ల.

చెడిన తలరంగుకు చవకైన దిద్దుబాట్లు చాలా ఉన్నాయి. అయితే జ్వరం దేనివల్ల వచ్చిందో తెలియకుండా మందు ఇవ్వకూడనట్టే, ఏం చెడిందో తెలియకుండా దిద్దకూడదు. అది తెలియాలంటే వెంట్రుక లోపల జరిగే పనిని కొంత అర్థం చేసుకోవాలి.

వెంట్రుక లోపల

తల బయటకు కనిపించే వెంట్రుకలో ప్రాణం లేదు. అది కెరటిన్ అనే ప్రోటీన్‌తో అయిన పోగు. బయట ఇంటిపెంకుల్లా ఒకదానిపై ఒకటి సర్దుకున్న పారదర్శకమైన పొలుసుల తొడుగు ఉంటుంది. లోపలి భాగంలో మెలనిన్ రేణువులు ఉంటాయి. జుట్టుకు సహజమైన రంగు వాటిదే. మెలనిన్ రెండు రకాలు. ఒకటి నలుపు, గోధుమ ఛాయలను ఇస్తుంది. రెండోది ఎరుపు, పసుపు ఛాయలను ఇస్తుంది. ఎంత నల్లని జుట్టునైనా వెలిసేలా చేస్తూ పోతే వరసగా ఎర్రగోధుమ, ఎరుపు, నారింజ, పసుపు, చివరకు అరటితొక్క లోపలివైపు ఉండే లేతపసుపు బయటపడతాయి. ఈ మెట్ల వరస గుర్తుంటే సగం తలనొప్పి తగ్గుతుంది.

శాశ్వత తలరంగు చరిత్ర బట్టల అద్దకంతో ముడిపడి ఉంది. 1856లో లండన్‌లో పద్దెనిమిదేళ్ళ విలియం పెర్కిన్ మలేరియా మందు కోసం ప్రయత్నిస్తూ తొలి కృత్రిమ ఊదారంగును కనిపెట్టాడు. తారు నుంచి లభించే రసాయనాలతో రంగులు తయారుచేసే పరిశ్రమ ఆ తరవాత విస్తరించింది. పారా-ఫినిలీన్ డయమీన్ అనే రసాయనం ఆ కుటుంబానిదే. పొడి అక్షరాలలో దీనిని పిపిడి అంటారు. 1907లో పారిస్‌లో యూజీన్ షుయెల్లెర్ అనే రసాయనవేత్త ఇటువంటి పదార్థాలతో తలరంగు తయారుచేసి క్షురకులకు అమ్మడం మొదలుపెట్టాడు. తరవాత లోరియాల్‌గా పెరిగిన సంస్థకు మూలం అదే. నూరేళ్ళు దాటినా పెట్టెలోని సరుకు స్వభావం పెద్దగా మారలేదు.

పెట్టెలో రెండు సీసాలు ఉంటాయి. ఒకదానిలో క్షారం, అంటే అమ్మోనియా గాని దాని బదులు వాడే ఇథనోలమీన్ గాని, దానితోపాటు పిపిడి వంటి రంగులేని చిన్న అణువులు ఉంటాయి. డెవలపర్ అని రాసి ఉన్న రెండోదానిలో హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉంటుంది. క్షారం పొలుసులను ఉబ్బించి దారి ఇస్తుంది. చిన్న అణువులు లోపలికి వెళతాయి. పెరాక్సైడ్ అక్కడ రెండు పనులు ఒకేసారి చేస్తుంది. సహజ మెలనిన్‌ను కొంత వెలిసేలా చేస్తుంది. చిన్న అణువులను ఆక్సీకరించి ఒకదానితో ఒకటి కలిపి పెద్ద రంగు అణువులుగా మారుస్తుంది. పెద్దవైనవి వచ్చిన దారిన బయటకు పోలేవు. శాశ్వత రంగు అంటే ఇంతే: లోపల పుట్టి, లోపలే చిక్కుకున్న రంగు.

ఇక్కడే అసలు సూత్రం ఉంది. పెట్టెలోని పెరాక్సైడ్ సహజ మెలనిన్‌ను వెలిసేలా చేయగలదు గాని, ముందే చిక్కుకుని ఉన్న కృత్రిమ రంగును ఇంచుమించు కదపలేదు. నల్లరంగు వేసిన జుట్టు మీద లేతగోధుమ రంగు పూస్తే, రంగు వేయని కొత్త కుదుళ్ళు మాత్రం వెలిసి నారింజరంగు తేలతాయి. మిగతా పొడవంతా నల్లగానే ఉండిపోతుంది. రంగును రంగు తీయదు. పెట్టెల మీద ఎక్కడా రాయని ఈ ఒక్క వాక్యం తెలిస్తే ఎన్నో పెట్టెల ఖర్చు మిగులుతుంది.

ముందు చూడవలసింది చర్మాన్ని

రంగు బాగా వచ్చిందా లేదా అన్నది రెండో ప్రశ్న. తలచర్మం ఎలా ఉంది అన్నది మొదటి ప్రశ్న. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కనుక రంగు తప్పయితే కాలమే దిద్దుతుంది. చర్మం విషయంలో ఆ ధీమా పనికిరాదు.

పూస్తున్నప్పుడే తీవ్రంగా మండితే అది క్షారం, పెరాక్సైడ్ కలిగించే కాలిన గాయం కావచ్చు. గడియారం వైపు చూడకుండా వెంటనే గోరువెచ్చని నీళ్ళతో చాలాసేపు కడగాలి. పిపిడి అలర్జీ తీరు వేరు. అది సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజుల తరవాత బయటపడుతుంది: చెవుల వెనక, మెడ మీద, నుదుటి అంచున దురద, ఎరుపు, రసికారే పొక్కులు, తెల్లవారేసరికి తెరవరానంతగా వాచిన కనురెప్పలు. మీసాలకు రంగు వేసుకునే మగవారిలో పైపెదవి చుట్టూ ఇదే కనిపిస్తుంది. రంగు వేసుకుని రెండురోజులు గడిచిపోయి ఉంటుంది కనుక చాలామందికి తలరంగు మీద అనుమానం రాదు. ముందురోజు తిన్న వంకాయకూరను తప్పుపడతారు.

వాపు కొద్దిగా ఉంటే మెత్తని షాంపూతో మిగిలిన రంగును కడిగేసి, చల్లని తడిగుడ్డ వేసి, మందుల దుకాణంలో చీటీ లేకుండా దొరికే ఒక శాతం హైడ్రోకార్టిసోన్ లేపనాన్ని కళ్ళకు దూరంగా రాసుకోవచ్చు. కనురెప్పలు మూసుకుపోయినా, పొక్కులు చీము పట్టినా వైద్యుడిని చూడాలి. పెదవులు, నాలుక వాచినా, గొంతు బిగిసినా, ఊపిరి అందకపోయినా అత్యవసర సేవలకు ఫోన్ చేయడంలో ఒక్క నిమిషం ఆలస్యం పనికిరాదు. తక్కువ ఖర్చు అన్న మాట ఇక్కడ వర్తించదు.

ఒకసారి పిపిడి అలర్జీ ఏర్పడితే అది సాధారణంగా జీవితాంతం ఉంటుంది. ప్రతిసారీ వెనకటికన్నా తీవ్రంగా తిరగబెట్టవచ్చు. కిందటిసారి కొంచెం దురద పెట్టింది, అదే తగ్గిపోయింది అనుకుని మళ్ళీ వేసుకునేవారు ఆ కొంచెం దురద ఒక హెచ్చరిక అని గుర్తించరు. పదేళ్ళుగా వాడుతున్న రంగు కూడా పదకొండో ఏట పడకపోవచ్చు.

ఈ ప్రమాదం కొత్తది కాదు. 1933లో అమెరికాలో లాష్ లూర్ అనే కనురెప్పల రంగు పిపిడి జాతి రసాయనంతో తయారై మార్కెట్లోకి వచ్చి, కొందరి కళ్ళను దెబ్బతీసింది. చూపు పోయినవారూ ఉన్నారు. అప్పటికి సౌందర్య సాధనాలను అదుపుచేసే అధికారం ఫెడరల్ ప్రభుత్వానికి లేదు. 1938లో వచ్చిన ఆహార, ఔషధ, సౌందర్యసాధనాల చట్టానికి దారితీసిన ఉదంతాలలో ఇదొకటి. విచిత్రమేమిటంటే, హెచ్చరికను, చర్మపరీక్ష సూచనను ముద్రిస్తే చాలునని తారు మూలపు తలరంగులకు అదే చట్టం మినహాయింపు ఇచ్చింది. కనుబొమలకు, రెప్పలకు వేసే రంగులకు ఆ మినహాయింపు లేదు. అందుకే తలకు కొన్న రంగును కనుబొమలకు పూయవద్దని ప్రతి పెట్టె మీదా ఉంటుంది. ఐరోపాలో పిపిడి మోతాదు తలమీద పూసే మిశ్రమంలో రెండు శాతం మించకూడదన్న నియమం ఉంది.

ఇండియా నుంచి పెట్టెల్లో సర్దుకుని తెచ్చుకునే పొట్లాల మీద ‘హెర్బల్’ అనీ ‘హెన్నా’ అనీ ఉన్నా, వెనకవైపు చిన్న అక్షరాలలో పిపిడి పేరు కనిపించడం అరుదు కాదు. అమ్మోనియా లేదని రాసినంతమాత్రాన పిపిడి లేదని కాదు. అవి రెండు వేర్వేరు విషయాలు. ఆంధ్ర ప్రాంతపు పెద్దాసుపత్రులలో పనిచేసిన వైద్యులకు ఈ రసాయనం మరొక రూపంలో కూడా పరిచయం. కడుపులోకి వెళితే గంటల్లోనే ముఖం, గొంతు వాచి ఊపిరి ఆగవచ్చు. తరవాత కండరాలు కరిగి మూత్రపిండాలు దెబ్బతింటాయి. పిల్లలున్న ఇంట్లో తలరంగు సీసాకు మందులపెట్టెకు ఉన్నంత భద్రతా ఉండాలి.

మరీ నల్లగా వస్తే

చర్మం బాగుందని తేలాక రంగు సంగతి చూడవచ్చు. అన్నిటికన్నా సాధారణమైన ఫిర్యాదు ఇదే. ముదురుగోధుమ అనుకుంటే కాటుకలా వస్తుంది. దీనికి మొదటి మందు రెండురోజులు ఓపిక పట్టడం. కొత్త రంగులో కొంత భాగం వెంట్రుక పైపొరలలోనే ఉండి, మొదటి కొన్ని తలస్నానాలలో కడిగిపోతుంది. మొదటిరోజు భయపెట్టిన నలుపు వారానికి సహజంగా కనిపించడం తరచు జరిగేదే.

అంత ఆగలేనివారు క్లారిఫయింగ్ షాంపూ గాని చుండ్రు షాంపూ గాని వాడి, గోరువెచ్చని నీటితో వరసగా కొన్నిసార్లు తలంటుకోవచ్చు. ఇవి మామూలు షాంపూల కన్నా గట్టిగా కడుగుతాయి. ముందురోజు రాత్రి కొబ్బరినూనె పట్టిస్తే మంచిది. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి చొరబడి, కడిగేటప్పుడు జరిగే ప్రోటీన్ నష్టాన్ని తగ్గిస్తుంది. చాలా ఇతర నూనెలకు లేని గుణం ఇది. రంగు మీద నూనె ప్రభావం తక్కువ. జుట్టును కాపాడడమే దాని పని.

తరవాతి మెట్టు విటమిన్ సి. కొన్ని మాత్రలు మెత్తగా నూరి షాంపూలో కలిపి, తడిజుట్టుకు పట్టించి, అరగంట నుంచి గంట దాకా ప్లాస్టిక్ టోపీ పెట్టి కడిగేయాలి. ఆస్కార్బిక్ ఆమ్లం ఆక్సీకరణానికి వ్యతిరేక దిశలో పనిచేస్తుంది కనుక కొత్తగా వేసిన రంగును కొంత తగ్గిస్తుంది. నెలల తరబడి పేరుకున్న నలుపు మీద దాని శక్తి చాలదు. చర్మం చిట్లి ఉంటే మండుతుంది కనుక అప్పుడు వాడకూడదు.

ఇవేవీ చాలకపోతే ‘కలర్ రిమూవర్’ అని అమ్మే పెట్టె ఉంది. ఖరీదు దాదాపు మరో రంగుపెట్టెంతే. ఇందులో బ్లీచ్ ఉండదు. గంధకం ఉన్న క్షయకరణి ఉంటుంది. అది పెద్ద రంగు అణువులను తిరిగి చిన్నవిగా, రంగులేనివిగా మారుస్తుంది. కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది; అది సహజమే. ముఖ్యమైన పని కడగడం. చిన్నవైన అణువులు బయటకు పోవాలంటే సూచనల కాగితం మీద రాసినంతసేపూ, అవసరమైతే ఇంకా ఎక్కువసేపు కడగాలి. సగంలో ఆపితే మిగిలినవి గాలిలోని ఆక్సిజన్‌తో మళ్ళీ కలిసి నల్లబడతాయి. చాలామంది ‘రిమూవర్ పనిచేయలేదు’ అనడానికి కారణం ఇదే.

ఒక విషయానికి సిద్ధపడాలి. రిమూవర్ కృత్రిమ రంగును తీస్తుంది గాని, మొదటి పెట్టెలోని పెరాక్సైడ్ వల్ల వెలిసిన మెలనిన్‌ను తిరిగి తేలేదు. కనుక నలుపు పోయాక కింద రాగిరంగు కనబడుతుంది. అది కొత్త సమస్య కాదు, నలుపు కప్పిన పాత సమస్య.

నారింజరంగు తేలితే

నల్లజుట్టును లేతరంగుకు తేవాలనుకున్న ప్రతివారూ నారింజ మెట్టు మీద ఒకసారి ఆగుతారు. బ్లీచ్ మళ్ళీ వేసి పై మెట్టుకు పోవడం ఒక దారి. అది జుట్టుకు ఖరీదైన దారి. చవకైన దారి వర్ణచక్రంలో ఉంది. ఎదురెదురు రంగులు ఒకదానినొకటి అణచివేస్తాయి: నారింజను నీలం, పసుపును ఊదా, ఎరుపును ఆకుపచ్చ. నారింజ కొద్దిగా ఉంటే నీలిరంగు షాంపూ, పసుపు కొద్దిగా ఉంటే ఊదారంగు షాంపూ వారానికి ఒకటి రెండుసార్లు వాడితే చాలు. తేడా ఎక్కువగా ఉంటే ‘యాష్’ అని రాసి ఉన్న గోధుమరంగు, అదీ డెమీ-పర్మనెంట్ రకం, ఉన్న రంగుకు ఒక మెట్టు ముదురుది ఎంచుకోవాలి. బూడిదఛాయ అనే ఆ యాష్‌లో ఉండేది చాలా సందర్భాలలో నీలం, ఆకుపచ్చ అంశాలే. డెమీ రకంలో పెరాక్సైడ్ తక్కువ కనుక అది ఉన్న మెలనిన్‌ను మరింతగా వెలిసేలా చేయదు, రంగును చేరుస్తుందంతే.

పెట్టె మీది అంకెలను చదవడం ఇక్కడ అక్కరకు వస్తుంది. మొదటి అంకె ముదురుతనం: 1 నలుపు, 10 అతిలేత. చుక్క తరవాతి అంకె ఛాయ: చాలా కంపెనీలలో 1 బూడిదఛాయ, 3 బంగారుఛాయ, 4 రాగిఛాయ. 5.1 అంటే బూడిదఛాయ ఉన్న లేతగోధుమ. రాగిరంగును తగ్గించుకోవాలనుకుని 5.4 కొంటే, నిప్పు ఆర్పడానికి నెయ్యి పోసినట్టే. డెవలపర్ మీది ‘వాల్యూమ్’ అంకెకు కూడా అర్థముంది. 10 వాల్యూమ్ అంటే మూడు శాతం పెరాక్సైడ్, 20 అంటే ఆరు, 30 అంటే తొమ్మిది, 40 అంటే పన్నెండు. దిద్దుబాటుకు పది చాలు. ముప్ఫై, నలభై ఇంట్లో వాడవలసినవి కావు.

జుట్టు బాగా వెలిసి పసుపుదాకా వెళ్ళిపోయి, తిరిగి ముదురుగోధుమకు రావాలంటే ఒక చిక్కు ఉంది. నేరుగా బూడిదఛాయ గోధుమ వేస్తే, పసుపు మీద నీలం పడి పచ్చరంగు తేలుతుంది. బొమ్మలకు రంగులు వేసే పిల్లలకు తెలిసిన సంగతే. ముందు బంగారు, రాగి ఛాయలున్న డెమీ రంగుతో పోయిన ఎరుపు అంశాన్ని నింపి, ఆ తరవాతే గోధుమ వేయాలి. ఒక ట్యూబు ఎక్కువైనా, పచ్చజుట్టును దిద్దడానికయ్యే ఖర్చుతో పోలిస్తే అది తక్కువే.

పట్టీలు, తెల్లవెంట్రుకలు

కుదుళ్ళు మెరుస్తూ కొసలు నల్లగా ఉండడానికి రెండు కారణాలు. తల వేడి వల్ల చర్మానికి దగ్గరగా ఉన్న భాగంలో రసాయనచర్య వేగంగా జరుగుతుంది. కొసలు పాతబడి పొలుసులు అరిగి ఉంటాయి కనుక రంగును ఎక్కువగా పీల్చుకుంటాయి. మూడువారాలకోసారి తెల్లకుదుళ్ళ కోసం రంగు వేసుకునేవారు ప్రతిసారీ పొడవంతా పూస్తే కొసలలో పొర మీద పొర చేరి, చివరకు టోపీ పెట్టుకున్నట్టు కనిపిస్తుంది. దీనికి మందు మానుకోవడమే: కుదుళ్ళకే పూయడం, కొసల మీద ఆఖరి కొద్ది నిమిషాలు మాత్రమే, అదీ అవసరమైతేనే. పేరుకున్న నలుపుకు రిమూవర్‌ను కొసల వరకే వాడవచ్చు, లేదా నాలుగు అంగుళాలు కత్తిరించుకోవచ్చు. మెరుస్తున్న కుదుళ్ళను పొడవుకు సరిపోయే డెమీ రంగుతో కప్పవచ్చు.

తెల్లజుట్టులో మెలనిన్ ఉండదు కనుక దాని మీద పడిన రంగు కాగితం మీద పడినట్టు యథాతథంగా కనబడుతుంది. అందుకే ఎర్రఛాయ ఉన్న పెట్టె నల్లవెంట్రుకల మీద ఇంపుగా ఉండి, కణతల దగ్గరి తెల్లవెంట్రుకల మీద గులాబీరంగులో మెరుస్తుంది. తెల్లజుట్టు ఎక్కువగా ఉంటే 4.0, 5.0 వంటి సహజ ఛాయను వాడాలి. ఇష్టమైన ఛాయను దానిలో సగం కలుపుకోవచ్చు. రెండూ ఒకే కంపెనీ, ఒకే వరసవి కావాలి. తెల్లవెంట్రుకలు మొండిగా ఉంటాయి కనుక పూత అక్కడే మొదలుపెట్టి, సూచించిన పూర్తి సమయం ఉంచాలి. గులాబీరంగు తేలిన చోట అదే సహజ ఛాయను ఆ భాగానికే పూస్తే సరిపోతుంది.

ఉదయం పెళ్ళికో ఇంటర్వ్యూకో వెళ్ళవలసి ఉండి వ్యవధి లేకపోతే రసాయనాల జోలికి పోకూడదు. కుదుళ్ళ మీద చల్లే రంగుపొడి, స్ప్రే తలస్నానంతో పోతాయి. పాపిడి మార్చినా, జుట్టు ముడివేసినా పట్టీలు చాలావరకు దాగుతాయి. నుదుటి మీద పడ్డ మరకను నూనె అద్దిన దూదితో తుడవాలి. మిగిలిన చారలు రెండు మూడు రోజుల్లో చర్మపు పైపొరతోపాటు రాలిపోతాయి.

గోరింటాకు వేసిన జుట్టు

గోరింటాకులోని లాసోన్ అనే పదార్థం నేరుగా కెరటిన్‌ను పట్టుకుంటుంది. రిమూవర్ దానిని కదపలేదు. గోరింటాకు తరవాత నీలిమందు వేసిన జుట్టును బ్లీచ్ చేస్తే పచ్చదనం మిగలవచ్చు. తోటలో కోసి నూరిన ఆకుతో ప్రమాదం లేదు. చిక్కంతా ఏం కలిపారో తెలియని పొడులతోనే. కొన్నిటిలో లోహలవణాలు ఉంటాయి. వాటి మీద పెరాక్సైడ్ పడితే వేడి పుట్టి వెంట్రుక తెగిపోవచ్చు. క్రమంగా నలుపు తెచ్చే కొన్ని తలరంగులలో వాడే లెడ్ ఎసిటేట్‌కు ఇచ్చిన అనుమతిని ఉపసంహరించాలని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2018లో నిర్ణయించింది. అటువంటి పాత సీసాలు ఇంట్లో ఉంటే పారేయడమే మంచిది.

దీనికి దువ్వెనకు చుట్టుకున్న వెంట్రుకలతో చేసే పరీక్ష చాలు. వేయదలచిన మిశ్రమాన్నే గాజుగిన్నెలో కొద్దిగా కలిపి, ఆ వెంట్రుకలను అరగంట ఉంచాలి. వేడెక్కినా, పొగ వచ్చినా, విచిత్రమైన రంగు తేలినా, వెంట్రుకలు తెగినా ఆ మిశ్రమం తలకు పనికిరాదు. నిజానికి ఏ దిద్దుబాటుకైనా ముందు ఈ పరీక్ష చేయాలి. తలమీద చేయబోయే తప్పును గిన్నెలో చేయడానికి ఖర్చేమీ ఉండదు.

చేయకూడనివి

బట్టలకు వాడే బ్లీచ్‌ను తలకు ఎప్పుడూ వాడకూడదు. అది సోడియం హైపోక్లోరైట్, వెంట్రుకలోని ప్రోటీన్‌నే కరిగిస్తుంది. వంటసోడా, గిన్నెలు తోమే సబ్బు పొలుసులను లేపి జుట్టును పీచులా చేస్తాయి. నిమ్మరసం రాసుకుని ఎండలో కూర్చుంటే రంగు అక్కడక్కడ వెలిసి, మచ్చలుగా మిగులుతుంది. ఒకసారి కలిపిన రంగును మూతపెట్టి దాచకూడదు. వాయువు పెరిగి సీసా పగలవచ్చు. తడి వెంట్రుకను రెండువేళ్ళ మధ్య మెల్లగా లాగితే రబ్బరులా సాగి తిరిగి ముడుచుకోకపోయినా, తెగిపోయినా కొన్ని వారాలపాటు ఏ రసాయనమూ వేయకుండా కండిషనర్‌తోనే సరిపెట్టుకోవాలి.

ఇంట్లో తేలని సందర్భాలలో కూడా సెలూన్ ఒక్కటే దారి కాదు. చాలా రంగుపెట్టెల మీద ఉచిత ఫోన్ నంబరు ఉంటుంది. ఏ రంగు మీద ఏ రంగు పూశారో వివరంగా చెబితే సలహా ఇస్తారు. అమెరికాలోని కాస్మటాలజీ కళాశాలలలో, బ్రిటన్‌లో ఇటువంటి శిక్షణ ఇచ్చే కళాశాలలలో విద్యార్థులు గురువుల పర్యవేక్షణలో తక్కువ రుసుముకు రంగు సరిదిద్దుతారు. సమయం ఎక్కువ పడుతుంది, చేయి తొందరపడదు. ఎక్కడికి వెళ్ళినా గడచిన రెండు మూడేళ్ళలో జుట్టుకు ఏమేం పూశారో, గోరింటాకుతో సహా, దాచకుండా చెప్పాలి. భుజాలదాకా ఉన్న జుట్టు కొసలలో ఆ చరిత్రంతా ఇంకా ఉంటుంది.

తరవాతిసారి రంగు వేసుకునే ముందు చేయవలసిన పని చిన్నది. పెట్టెతో వచ్చిన కాగితంలో చెప్పినట్టు చుక్క రంగును చెవి వెనకో మోచేతి మడతలోనో రాసి 48 గంటలు ఆగాలి. పదేళ్ళుగా అదే రంగు వాడుతున్నవారు కూడా ప్రతిసారీ చేయాలి. అక్కడ దురద పెట్టినా, ఎర్రబడినా ఆ పెట్టెను వాడకుండా, పడని పదార్థమేదో చర్మవైద్యుడి పరీక్షలో తేల్చుకోవాలి. ‘పిపిడి లేదు’ అని రాసిన కొన్ని రంగులలో దాని దగ్గరి బంధువైన టొలుయీన్ డయమీన్ ఉంటుంది. పిపిడి పడనివారిలో చాలామందికి అదీ పడదు. ఆదివారం పెట్టెలో డబ్బు పోతుందని చూసుకునేవారు, శుక్రవారం చుక్క రంగుకు రెండు రోజులు కేటాయిస్తే, రంగు తేడా వచ్చినా అది రంగు తేడాగానే మిగిలిపోతుంది.